అవతలి ఒడ్డు చెప్పాలి

ఆమెను కార్యదర్శి పదవి నుంచి తొలగించారు. ఆమె నడిపిన శాఖను నిష్క్రియ శాఖగా ప్రకటించారు. ఉత్తర్వులో కారణాలు రెండే ఉన్నాయి. పదకొండు నెలలుగా శాఖలో ఒక్క సమావేశం కూడా జరగలేదన్నది మొదటిది. తనిఖీకి వచ్చిన అధికారి అడిగినప్పుడు, తాను ఏం పని చేసిందో కార్యదర్శి చెప్పలేదన్నది రెండోది. రెండూ నిజాలే. ఆ రెండు నిజాలను పక్కపక్కన పెట్టి రాసిన ఉత్తర్వు మాత్రం అన్యాయం. ఎందుకు అన్యాయమో తెలియాలంటే ముందు ఆమె ఎవరో తెలియాలి.

బస్ డిపోలో ఆమె టైమ్‌కీపర్. గేటు పక్కన నాలుగడుగుల వెడల్పు గది, అర్ధచంద్రాకారంలో కోసిన అద్దం కిటికీ, దాని కింద వాలుగా బిగించిన బల్ల, బల్ల మీద క్లిప్పు పెట్టిన చార్టు. ఇరవై మూడేళ్ళుగా ఆమె కూర్చునే చోటు అదే. ఏ బస్సు ఎన్నింటికి గేటు దాటిందో, ఎన్నింటికి తిరిగి వచ్చిందో నీలి సిరాతో రాస్తుంది. ఆలస్యాన్ని ఎర్ర సిరాతో రాస్తుంది. తనకంటే పెద్దవాళ్ళయిన డ్రైవర్లు కూడా ఆమెను టైమక్క అనే పిలుస్తారు.

"పంక్చరైంది టైమక్కా," అంటాడు ఒకడు, ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చి.

"ఏ టైరు?"

"వెనకది."

"మొన్న ముందుది, నిన్న వెనకది. రేపు స్టెప్నీ అంటావు. ఎర్ర పెన్నుకి రీఫిల్ నువ్వే కొనిపెట్టు."

మనిషి కోపిష్టి కాదు. ఎవరినీ ఊరికే పోనివ్వదు, అంతే. ఆ గుణమే ఆమెను సేవా సంఘానికి కార్యదర్శిని చేసింది.

ఆ సంఘంలో నలభై ముగ్గురు సభ్యులు. వాళ్ళలో పెద్ద చదువులవాళ్ళు లేరు, పలుకుబడి ఉన్నవాళ్ళు అసలే లేరు. మందుల కొట్టాయన, సెలూన్ నడిపేవాడు, మిల్లు ఫోర్‌మన్, ఆసుపత్రిలో ఒక నర్సమ్మ, బట్టలు కుట్టేవాళ్ళు, రిటైరైన గుమాస్తాలు, చివరికి టైమక్క ఎనభై ఏళ్ళ అత్తగారు కూడా. వాళ్ళు చేసే పని ఒక్కటే. కాలు విరిగినవాళ్ళకీ, మంచాన పడ్డవాళ్ళకీ కావలసిన వస్తువులు అరువిస్తారు. పాత పోస్టాఫీసు వెనక వాళ్ళకొక గది ఉంది. అందులో వీల్‌చెయిర్లు, వాకర్లు, చేతికర్రలు, తల ఎత్తి దించే ఇనప మంచాలు, పుండ్లు పడకుండా వేసే గాలి పరుపులు, అన్నీ కలిపి అరవై రెండు. అవసరం ఉన్నవాళ్ళు తీసుకుంటారు, తీరాక తిరిగి ఇస్తారు. ఇచ్చిన వస్తువుతో పాటు ఒక సభ్యుడు కూడా ఆ ఇంటికి వెళ్తూ ఉంటాడు. వాకర్ ఎత్తు సరిచేయాలి, చక్రానికి నూనె వేయాలి, అన్నిటికంటే ముఖ్యంగా ఆ మంచం పక్కన కాసేపు కూర్చోవాలి.

మూడేళ్ళ కిందట ఆమెను కార్యదర్శిగా ఎన్నుకున్నప్పుడు వ్యతిరేకంగా చెయ్యెత్తినవాడు ఒక్కడే. అతడు సెలూన్ నడిపేవాడు. "బస్సుల్ని తోలినట్టు మనుషుల్ని తోలుతుంది ఈవిడ. నా వల్ల కాదు బాబూ," అని నిండు సమావేశంలో అన్నాడు. ఆమె నవ్వి, ఆ మాటను కూడా మినిట్స్ పుస్తకంలో రాసుకుంది.

తర్వాత వంతెన మూసేశారు.

ఊరి మధ్యలో నది ఉంది. ఇటు బజారు ఒడ్డు, అటు మిల్లు ఒడ్డు. మూడో స్తంభంలో పగులు కనబడిందని ఒక ఉదయం వంతెనకు రెండు వైపులా ఇనప కంచెలు బిగించి కాపలా పెట్టారు. కాలినడకన కూడా పోనివ్వలేదు. పైన ఆనకట్ట ఉండటంతో పడవలకు ఎప్పుడూ అనుమతి లేదు. అటు ఒడ్డుకు వెళ్ళాలంటే కొండల మీదుగా డెబ్భై కిలోమీటర్లు చుట్టి రావాలి. సభ్యుల్లో ఇరవై నలుగురు ఇటు, పందొమ్మిది మంది అటు మిగిలిపోయారు.

ఈ సంఘం శాఖగా ఉన్న సమాఖ్య నియమావళిని ఇక్కడ ఒకసారి చదవాలి. పద్నాలుగో నిబంధన ఇలా ఉంది: మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతులకు తగ్గకుండా ఒకే కప్పు కింద స్వయంగా హాజరై, రిజిస్టరులో సంతకం చేసినదే సమావేశం. వరుసగా ఆరు నెలలు అలాంటి సమావేశం జరపని శాఖ నిష్క్రియ శాఖ. నలభై ముగ్గురిలో మూడింట రెండు వంతులంటే ఇరవై తొమ్మిది మంది. బజారు ఒడ్డు వాళ్ళంతా వచ్చినా ఇరవై నలుగురే. అంటే వంతెనకు కంచె కట్టిన రోజే ఈ శాఖ భవిష్యత్తును కూడా ఆ కంచెతో కలిపి బిగించారన్నమాట. ఇందులో సభ్యుల తప్పు రవ్వంత కూడా లేదు.

అయినా ఆమె చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మొదటి నెలలో ఒక మినీ బస్సు మాట్లాడి అటు ఒడ్డు వాళ్ళను చుట్టు దారిన రమ్మంది. పదకొండు మంది బయలుదేరారు. కొండ మలుపుల్లో నలుగురికి వాంతులయ్యాయి. ఇద్దరికి నడుం పట్టేసింది. గదికి చేరిన ఫోర్‌మన్ తలుపు దగ్గరే ఒక వీల్‌చెయిర్ లాక్కుని అందులో కూలబడి, "ఇది నా పేరు మీద రాసుకోండి, వారం రోజులకి," అన్నాడు. ఇటువాళ్ళలో వచ్చినవాళ్ళను కలుపుకున్నా లెక్క ఇరవై ఆరు దగ్గర ఆగింది.

రెండో నెలలో వీడియో సమావేశం పెట్టింది. మందుల కొట్టాయన ఫోన్‌ను చొక్కా జేబులో పెట్టుకుని మాట్లాడాడు. అందరికీ ఆయన జేబులోని చీకటే కనిపించింది. ఎవరింట్లోనో కుక్కర్ కూత పెట్టింది. టైమక్క అత్తగారి నుదురు మాత్రం స్క్రీను నిండా నిలబడి, "ఏమే అమ్మాయ్, అందరూ నన్నే చూస్తున్నారా? చెప్పుంటే తల దువ్వుకునేదాన్నిగా," అంది. ఒకరు మాట్లాడుతుంటే ముగ్గురు అడ్డం వచ్చారు. సగం మందికి ఆ రకం ఫోనే లేదు. పదిహేను మందితో మొదలైన సమావేశం అయిదుగురితో ముగిసింది. మూడో నెలలో ముగ్గురే వచ్చారు. వాళ్ళలో ఒకరు అత్తగారు, ఆవిడ తల దువ్వుకునే వచ్చింది.

నిజమైన ప్రమాదం అక్కడుందని ఆమెకు అర్థమైంది. మనుషులు కోపంతో వెళ్ళిపోతే బతిమాలి తెచ్చుకోవచ్చు. వీళ్ళు మాత్రం చడీచప్పుడు లేకుండా జారిపోతున్నారు. ఫోన్ చేస్తే, "ఏముందక్కా, వంతెన తెరిచాక చూద్దాం," అనేవాళ్ళే ఎక్కువ. వంతెన ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు. మంచాన పడ్డవాడు అప్పటిదాకా ఆగుతాడా?

అప్పుడు ఆమె తనకు బాగా తెలిసిన పని చేసింది. డ్యూటీ చార్టు గీసింది. అటు డెయిరీ నుంచి రోజూ చుట్టు దారిలో ఇటు వచ్చే పాల వ్యాను డ్రైవర్ను పట్టుకుని, ఖాళీ డబ్బాల మధ్య సగం వస్తువుల్ని అటు ఒడ్డుకు పంపింది. ఇటువాళ్ళు ఇటు, అటువాళ్ళు అటు చూసుకునేలా జట్లు వేసింది. ఎవరికి ఎవరితో పడుతుందో చూసి మరీ వేసింది. అందరూ చార్టు బాగుందన్నారు.

ఆ బాగుండటమే ఆమె చేసిన తప్పు. ఈ విషయం ఆమె దాచుకోదు, కాబట్టి ఇక్కడా దాచనక్కర్లేదు. ఆరు వారాలు తిరిగేసరికి ఒక సంఘం కాస్తా రెండయింది. ఇటు ఒడ్డు ఎన్ని ఇళ్ళకు వెళ్ళింది, అటు ఒడ్డు ఎన్ని ఇళ్ళకు వెళ్ళిందన్న పోటీ మొదలైంది. మందుల కొట్టాయన తన ఒడ్డు గొప్ప చెప్పుకున్నాడు, సెలూనాయన తన ఒడ్డు గొప్ప చెప్పుకున్నాడు. ఆ ఉత్సాహంలో బజారు ఒడ్డున ఒక వడ్రంగి ఇంటికి రెండు వీల్‌చెయిర్లు చేరాయి. ఒకటి ఇటువాళ్ళు ఇచ్చారు. రెండోది అటు ఆసుపత్రిలో అతని పేరు రాసుకున్నవాళ్ళు పాల వ్యానులో పంపారు. అదే వారంలో తుంటి విరిగిన ఒక బడి పంతులమ్మకు ఏమీ చేరలేదు. ఆమెకు వైద్యం అటు, ఇల్లు ఇటు. అటువాళ్ళు ఇస్తారని ఇటువాళ్ళూ, ఇటువాళ్ళు ఇచ్చే ఉంటారని అటువాళ్ళూ ఊరుకున్నారు. తొమ్మిది రోజుల పాటు ఆ పంతులమ్మను ఆమె కూతురు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, గచ్చు మీద ఈడ్చుకుంటూ స్నానాల గదికి తీసుకెళ్ళింది.

టైమక్క ఆ ఇంటికి స్వయంగా వెళ్ళింది. గచ్చు మీద కుర్చీ కాళ్ళు గీసిన చారలు చూసింది.

"తప్పు మాదమ్మా. జట్లు వేసింది నేనే," అంది.

"మీరు వచ్చారుగా, చాల్లెండి," అంది పంతులమ్మ. తర్వాత బడిలో మాట్లాడే గొంతుతో, "కానీ ఇంకొకళ్ళకి ఇలా జరక్కూడదు," అంది.

ఆ రాత్రి ఆమె ఏం ఆలోచించిందో చెప్పనక్కర్లేదు, ఎందుకంటే జవాబు ఆమెకు మర్నాడు పట్టపగలు, తన కిటికీ ముందే దొరికింది. డిపోలో ఒక పద్ధతి ఉంది. నడుమ దారిలో డ్రైవర్ మారేటప్పుడు, దిగినవాడు ఫోన్ చేసి నా డ్యూటీ అయిపోయిందంటే టైమ్‌కీపర్ రాయదు. సీట్లోకి ఎక్కినవాడు ఫోన్ చేసి, "బండి నా చేతికొచ్చింది," అంటేనే దిగినవాడి పని ముగిసినట్టు. ఇరవై మూడేళ్ళుగా రోజుకు యాభైసార్లు ఆ మాట వింటూ కూడా, అది మనుషులకూ పనికొస్తుందని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

పాత చార్టు చించేసింది. కొత్త చార్టులో ప్రతి జట్టులో ఒకరు ఇటు ఒడ్డు, ఒకరు అటు ఒడ్డు. అటు పందొమ్మిది మందికీ ఇటు పందొమ్మిది మంది దొరికారు. మిగిలిన అయిదుగురిని అయిదు జట్లలో మూడో మనిషిగా కలిపింది. ప్రతి పనినీ రెండు ముక్కలు చేసింది. రోగి ఏ ఒడ్డున ఉంటే ఆ ఒడ్డు సభ్యుడు వస్తువు పట్టుకుని ఇంటికి వెళ్తాడు. అవతలి ఒడ్డు సభ్యుడు మూడు రోజులకొకసారి ఆ ఇంటికి ఫోన్ చేసి ఎలా ఉందో కనుక్కుంటాడు. ఇక అన్నిటికీ మించిన నియమం ఒకటి పెట్టింది. ఎవరూ తన పని తాను చెప్పుకోకూడదు. నీ పని ఎలా సాగిందో నీ జట్టువాడే కార్యదర్శికి ఫోన్ చేసి చెప్పాలి. నువ్వు చెప్తే చార్టులో రాయదు.

మొదట్లో ఈ నియమం ఎవరికీ మింగుడు పడలేదు. "నేను చేసిన పని నేను చెప్తే అబద్ధమవుతుందా?" అని మందుల కొట్టాయన మొహం ముడుచుకున్నాడు. "అబద్ధం కాదన్నా. కాకపోతే మీరు చెప్తే అది మీకొక్కరికే తెలిసినట్టు. ఆయన చెప్తే ఆయనా కనుక్కున్నట్టే కదా," అంది ఆమె. చెప్పడం కోసం కనుక్కోవాలి. కనుక్కోవడానికి మాట్లాడాలి. అలా మాట్లాడుకోవడం తప్పనిసరయింది. నెల తిరిగేసరికి ఎవరు ఏ గుమ్మం దగ్గర ఎంతసేపు నిలబడ్డారో ఎదుటి ఒడ్డుకు తెలిసింది. మనిషి తన గొప్ప తాను చెప్పుకుంటే పది వాక్యాల్లో తేలిపోతుంది. ఇంకొకరు చెప్తున్నారని తెలిస్తే ఆ చెప్పేవాళ్ళకు తగినట్టు పని చేయాలనిపిస్తుంది. ఆమె పెట్టిన నియమం సాధించింది అదే.

అత్తగారికి మిల్లు ఫోర్‌మన్ జట్టు. ఆయన ముప్పై ఏళ్ళు యంత్రాల చప్పుడులో బతికినవాడు, నోట్లోంచి మాట ఊడిపడాలంటే గగనం.

"ఇవాళేం చేశావు నాయనా?"

"వెళ్ళానండి."

"వెళ్ళి?"

"కూర్చున్నానండి."

"కూర్చుని నోరు తెరిచావా, లేక మంచం కోడులా నువ్వూ అక్కడే ఉండిపోయావా?"

"ఆయన కూడా మిల్లులోనే చేశాడంటండి. ఇద్దరికీ సరిగా వినబడదు. టీవీ పెద్దగా పెట్టుకుని చూశాం."

అత్తగారు వెంటనే కోడలికి డిపో నంబరుకు ఫోన్ చేసింది. "రాసుకో అమ్మాయ్. మా వాడు రెండు గంటలు కూర్చున్నాడు. ఆ ముసలాయన నాలుగు నెలల తర్వాత ఇవాళే నవ్వాట్ట. నేనే వాళ్ళింటికి ఫోన్ చేసి కనుక్కున్నాను." ఆ గొంతులో, తన కొడుకు పరీక్ష పాసైనప్పుడు కూడా పలకనంత గర్వం పలికింది.

తుంటి నయమయ్యాక ఆ పంతులమ్మ కూడా తనను చార్టులో వేయమంది. కొత్త సభ్యత్వానికి సమావేశంలో తీర్మానం కావాలి. సమావేశం జరగదు కాబట్టి ఆమె నేటికీ సభ్యురాలు కాదు. పని మాత్రం రోజూ చేస్తోంది. నియమావళికీ నిజానికీ మధ్య ఎంత దూరముందో కొలవడానికి ఇంతకంటే మంచి కొలబద్ద దొరకదు.

టైమక్క తనకు జట్టుగా వేసుకున్నది ఎవరినో కాదు, ఆనాడు వ్యతిరేకంగా చెయ్యెత్తిన ఆ సెలూనాయననే.

పదకొండో నెలలో సమాఖ్య నుంచి తనిఖీ అధికారి వచ్చాడు. పాత పోస్టాఫీసు వెనక గదిలో ఆయనకు కుర్చీ వేశారు. హాజరు రిజిస్టరు అడిగాడు. మొదటి నెలలో ఇరవై ఆరు సంతకాలున్నాయి, తర్వాతి పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. ఆమె గోడ మీద వరుసగా అంటించిన చార్టులు చూపించింది.

"వీటి మీద ఎవరి సంతకాలూ లేవే."

"లేవండి. ఫోన్లో చెప్తారు, నేను రాసుకుంటాను."

"సరే. కార్యదర్శిగా ఈ పదకొండు నెలల్లో మీరేం చేశారో చెప్పండి. రాసుకుంటాను."

ఆమె మళ్ళీ గోడ మీది చార్టుల వైపే చెయ్యి చూపింది.

"చెప్పండమ్మా."

"నేను చెప్పకూడదండి. మా దగ్గర ఎవరి పని వాళ్ళు చెప్పుకోరు. నా పని సెలూనన్న చెప్పాలి. అటు ఒడ్డునుంటాడు. ఫోన్ కలపమంటారా?"

"సెలూనాయన నాకు చెప్పేదేమిటి? కార్యదర్శి మీరు. అడుగుతున్నది మిమ్మల్ని."

"ఆయన్నొక్క నిమిషం వినండి. అన్నీ చెప్తాడు."

"మీరు చెప్పగలరా లేదా?"

ఒక్క మాట చాలు. పదకొండు నెలల పనిని పది వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పగలదు ఆమె. కానీ ఈ నియమాన్ని నలభై రెండు మంది చేత పాటింపజేసింది తను. మందుల కొట్టాయన చేత కూడా. ఇవాళ పదవికి ముప్పు వచ్చిందని తనే ముందుగా దాటితే, రేపు ఎవరి ముఖం చూసి ఆ మాట అడుగుతుంది? తల అడ్డంగా ఊపింది. ఆయన కలం తీసుకుని, కార్యదర్శి తన పని గురించి చెప్పలేకపోయారని రాసుకుని వెళ్ళిపోయాడు.

"నోట్లో ముత్యాలు పెట్టుకున్నావా, తెరిస్తే రాలిపోతాయని?" అంది ఇంట్లో అత్తగారు. అని, కోడలి కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించింది. "చెప్పకపోతేనేం. నా కోడలు మాట తప్పలేదు."

ఉత్తర్వు రెండు వారాల్లో వచ్చింది. పదవి పోయింది. శాఖ పోయింది. చివరి పేరాలో అసలు దెబ్బ ఉంది. నిష్క్రియ శాఖ ఆస్తులు సమాఖ్యకు చెందుతాయి కాబట్టి వస్తువులన్నీ ముప్పై రోజుల్లో అప్పగించాలి, వచ్చే నెల ఒకటో తారీకున వ్యాను వస్తుంది. అరవై రెండు వస్తువుల్లో ఆనాటికి ముప్పై ఏడు ఇళ్ళలో ఉన్నాయి. ముప్పై ఏడు అంటే ముప్పై ఏడు మంచాలూ కుర్చీలూ మాత్రమే కాదు. వాటిమీద ముప్పై ఏడు మంది ఉన్నారు.

ఆమె తన పదవి గురించి ఒక్క మాట మాట్లాడలేదు. చివరి పేరా మాత్రం నాలుగుసార్లు చదివి, సెలూనాయనకు ఫోన్ చేసింది.

"నియమావళి నీ దగ్గరుందా అన్నా?"

"ఉంది. నిన్ను దింపడానికి పనికొస్తుందని ఆనాడే కొనుక్కున్నాను."

"ఇరవై రెండో నిబంధన చదువు."

అతడు కస్టమర్ గడ్డానికి నురగ రాసి, అలాగే ఆపి చదివాడు. శాఖను రద్దుచేసే ముందు పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. శాఖ తరఫున ఏ సభ్యుడు వచ్చి చెప్పినా, రాసినా, తెలియజేసినా వినాలి, విన్నది నమోదు చేయాలి. ఏ సభ్యుడు చెప్పినా. సెలూన్ నడిపేవాడు చెప్పినా.

"అంటే ఆ రోజు నాకు ఫోన్ కలుపుతానన్నప్పుడు ఆయన వినాల్సిందేనన్నమాట," అన్నాడు.

"వినాలి. నోటీసు కూడా ఇవ్వలేదు."

"ఇప్పుడేం చేద్దాం?"

"ఇంకేముంది. చార్టు గీస్తాను."

నలభై ముగ్గురికీ పది నిమిషాలకొకరు చొప్పున వేళ కేటాయించింది. మొదటి రోజు ఇరవై రెండు మంది, రెండో రోజు ఇరవై ఒక్కరు. పదిన్నరకు సమాఖ్య కార్యాలయం తెరిచిన వెంటనే మొదటి ఫోన్. ఎవరూ తిట్టకూడదు, ఎవరూ బతిమాలకూడదు. తన జట్టు మనిషి పదకొండు నెలల్లో ఏం చేశారో చెప్పి, నమోదు సంఖ్య అడిగి రాసుకుని పెట్టేయాలి. ఫోన్లో వచ్చిన ప్రతి విన్నపాన్నీ ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఎక్కించడం ఆ కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగం. ఆ గుమాస్తా అమ్మాయి ఎక్కించింది. తప్పించుకోవడానికి ఆమెకు అధికారమూ లేదు, రెండో రోజుకు మనసూ లేదు. రెండో రోజు మొదటి ఫోన్ నాలుగు నిమిషాలు ఆలస్యమైతే, "ఏంటండీ, ఇవాళ లేటు? టైమక్క ఎర్ర సిరాతో రాయదా?" అని ఆమే అడిగింది. అప్పటికి ఆమెకు అందరి కథలూ తెలుసు.

సెలూనాయన వంతు మొదటి రోజు పన్నెండుంపావుకు దగ్గర్లో వచ్చింది. టైమక్కకు ఫోన్ చేసి, "ఒక్క నిమిషం లైన్లో ఉండక్కా," అని, ఎందుకో చెప్పకుండా కార్యాలయాన్ని కూడా కలిపేశాడు. డిపో కిటికీ దగ్గర ఆమె చెవికి ఫోన్ ఆనించుకుని, బయటికెళ్ళే బస్సు వేళ రాస్తూ విన్నది.

"రాసుకోండి అమ్మా. ముందుగా, ఈవిడ కార్యదర్శి కాకూడదని చెయ్యెత్తింది నేనే. అది కూడా రాయండి. మూడో నెలలో నేను సంఘం మానేశాను. ఫోన్ ఎత్తలేదు. ఈవిడ పదకొండు రోజులు వరసగా చేసింది. పన్నెండో రోజు ఎత్తి, ఏం కావాలి నీకు, అని అరిచాను. మంచం మీద కదల్లేని మనిషికి గడ్డం గీయాలంటే తల ఎటు తిప్పాలన్నా, తెగకుండా, అని అడిగింది. నాకు కోపం పోయింది. ఎందుకంటే అది నాకు తప్ప ఈ ఊళ్ళో ఎవరికీ తెలీదు. ఆ తర్వాత నేను పదహారు మందికి మంచం మీదే గడ్డం గీశాను. అది నా లెక్క కాదు, ఆవిడ చెప్పేస్తుంది, వదిలేయండి. ఆవిడ లెక్క చెప్తాను. రోజూ మొదటి బస్సుకి ముందు, మూడు రోజులుగా పలకని సభ్యులెవరో చూసుకుని ఫోన్ చేస్తుంది. ఏమైంది, ఎందుకు రాలేదు అని ఒక్కరోజూ అడగదు. వాళ్ళకి మాత్రమే తెలిసిన సంగతేదో ఒకటి అడుగుతుంది. దర్జీనడిగితే గాలి పరుపు చిరుగు సంగతి. ఫోర్‌మన్నడిగితే చక్రం కిర్రుమనే సంగతి. వంతెన మూసిన్నాడు నలభై ముగ్గురం. ఇవాళా నలభై ముగ్గురం. ఒక్కరు తగ్గలేదు. పంతులమ్మని కలిపితే నలభై నలుగురం, మీరు కలపనివ్వలేదు గానీ. ఇంతే. నంబరు చెప్పండి."

గుమాస్తా నంబరు చెప్పింది. అతడు తిరిగి చదివి సరిచూసుకున్నాడు.

కిటికీ అవతల ఒక డ్రైవర్ వేళ కోసం నిలబడి ఉన్నాడు. టైమక్క కళ్ళు తుడుచుకుని చార్టు వైపు చూసింది. ఆ ఒక్క బస్సు వేళ ఎర్ర సిరాతో రాసేసింది, ఇరవై మూడేళ్ళలో మొదటిసారి, వేళకే బయలుదేరిన బండికి. డ్రైవర్ అది చూసి, "ఇదేంటక్కా, నేను టైముకే వచ్చాగా," అన్నాడు. ఆమె కొట్టేసి, పక్కన నీలి సిరాతో సరిగ్గా రాసి, నవ్వి పంపించింది.

సమాఖ్య అధ్యక్షులకూ, ఆ ఉత్తర్వు మీద సంతకం చేసిన అయిదుగురు కార్యవర్గ సభ్యులకూ చెప్పవలసింది ఇది. మీ ఇన్‌వర్డ్ రిజిస్టరు తెరవండి. వరసగా నలభై మూడు నమోదులు మీ గుమాస్తా చేతివ్రాతలో ఉన్నాయి. మాకెవరూ చెప్పలేదని ఇక మీరు అనలేరు. ఇరవై రెండో నిబంధన కోరే నోటీసు ఇవ్వకుండా, వినాల్సిన మనిషిని వినకుండా మీరు చేసిన ఉత్తర్వు మొదటి నుంచీ చెల్లదు. దాన్ని రాతపూర్వకంగా ఉపసంహరించండి. ఆమె పేరు పక్కన రాసిన "చెప్పలేకపోయారు" అన్న మాట కొట్టేసి, ఆమె పని గురించి సెలూనాయన మీకు చెప్పిన ప్రతి వాక్యాన్నీ ఆ స్థానంలో ఎక్కించండి. వంతెనలు మూసుకుపోయిన చోట కూడా మనుషులు కలిసి పనిచేయగలరని ఒప్పుకునేలా పద్నాలుగో నిబంధనను సవరించండి. పంతులమ్మకు సభ్యత్వం ఇవ్వండి. ఒకటో తారీకున వ్యాను పంపకండి. పంపుతామంటే, మీ అయిదుగురూ అందులో ఎక్కి రండి. ముప్పై ఏడు ఇళ్ళ ముందూ దిగి, మీ చేతులతో మీరే ఆ మనుషుల్ని లేపి, వాళ్ళ కింది నుంచి ఆ వస్తువులు తీసుకోండి.